చిత్రకారుడు గ్రో – నజరేతు యుద్ధపు చిత్తుబొమ్మ

వ్రాతగానికి చిత్తుప్రతి యెట్టిదో చిత్రకారునికి చిత్తుబొమ్మ యట్టిది. అర్జీ వ్రాయబూనినవాడు మొదట చిత్తుకాగితముపై వ్రాసి, కొట్టివేతలు కొట్టివేసి, చేర్పులు చేర్చి, పిమ్మట సాపు వ్రాయును. సాపుప్రతి దొరగారి కచేరీకి పోవును. చిత్తు పొయ్యిలోనికి పోవును. శ్రీకాళహస్తిలోని కలంకారీ పనివారును కాల్చిన చింతపుల్లతో గుడ్డపై ముందుగా రూపురేఖలు గీచుకొని తరువాతనే కలము చేతబట్టుదురు. పని ముగిసిన పిమ్మట ఆ బొగ్గుగీతను తలచువారుండరు. లోకములో చిత్తునకు పట్టు గతి సామాన్యముగా నిట్టిదే.

కాని సాపు ఎన్నడును వ్రాయబడక, చిత్తు మాత్రమే మిగిలి, ఆ చిత్తే ఒక దేశపు చిత్రకళను కొత్తదారి పట్టించిన సందర్భమొకటి చరిత్రలో కలదు. ఫ్రాన్సు దేశమున నాంత్ నగరపు చిత్రశాలలో నేటికిని కానవచ్చు నజరేతు యుద్ధపు చిత్తుబొమ్మ యట్టిది. దానిని వ్రాసిన మహాశిల్పి ఆంత్వాన్ జాన్ గ్రో. ఆయన జీవితమును సంగ్రహముగా పాఠకులకు విన్నవించుట ఈ వ్యాసోద్దేశము.

ఎక్కడి ఫ్రాన్సు, ఎక్కడి అల్వాలు, ఈ కథ మనకేల యని కొందరు తలపవచ్చును. కొంచెము వెనుకకు పోయి చూచినచో ఆ దూరము తరుగును. ఒకవంక తిరుమలగిరి, ఒకవంక బొల్లారము గల మన యూరు తరతరములుగా దండుల నడుమ నున్నది. ఈ దండులిక్కడికి వచ్చుటకు కారణములలో ఫ్రెంచివారి భయ మొకటి. నిజాము ఆలీఖాను కొలువులో రేమండ్ అను ఫ్రెంచి సేనాని పెద్ద పటాలములను నడపెను. ఆయన 1798 మార్చిలో మరణించెను. ఆయన సమాధి హైదరాబాదులో నేటికిని కలదు. ఆ సంవత్సరమే సెప్టెంబరు 1వ తేదీన నిజాము ఆంగ్లేయులతో సంధి చేసికొనగా, అక్టోబరులో ఫ్రెంచి పటాలముల ఆయుధములు తీసివేయబడెను. ఆంగ్లేయుల దండు హుస్సేన్ సాగరమునకు ఉత్తరమున విడిసెను. ఆ విడిదికే 1806లో సికందర్ జా పేర సికిందరాబాదు అను నామము కలిగెను.

అదే కాలమున బోనపార్టి సేనాని ఈజిప్టుపై దండెత్తి, అచటినుండి టిప్పుసుల్తానునకు లేఖ వ్రాసెను. ఆ లేఖ దారిలోనే ఆంగ్లేయుల చేత జిక్కెను. 1799 ఏప్రిల్ 8వ తేదీన పాలస్తీనాలోని నజరేతు వద్ద బోనపార్టి సైన్యములోని జూనో అను సేనాని యుద్ధము చేసెను. దానికి ఇరువదియారు దినముల తరువాత, మే 4వ తేదీన, శ్రీరంగపట్టణము కూలెను. అచట నిజాము సైన్యము ఆంగ్లేయుల పక్షమున నుండెను. ఒకే పెనుగాలి అటు నజరేతునందును ఇటు శ్రీరంగపట్టణమునందును వీచినది. కావున నజరేతు బొమ్మ మనకు పూర్తిగా పరాయిది కాదు.

గ్రో 1771 మార్చి 16వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తల్లిదండ్రులిరువురును చిత్రకారులే. తండ్రి అరచేతిలో నిముడునంతటి చిన్న ముఖచిత్రములు వ్రాసి జీవించుచుండెను. ఆరేండ్ల ప్రాయముననే కుమారునికి గీత దిద్దించి, కన్ను చూచినదానిని చేయి తప్పక వ్రాయునట్లు కఠినముగా శిక్షణ నిచ్చెను. పదునాలుగవ యేట, 1785లో, బాలుడు తానై కోరి దావీద్ అను నాచార్యుని చిత్రశాలలో చేరెను.

దావీద్ ఆనాటి ఫ్రెంచి చిత్రకారులలో అగ్రగణ్యుడు. ప్రాచీన గ్రీకు, రోమక వీరుల కథలను చెక్కిన శిలవలె నిశ్చలముగా, స్పష్టముగా వ్రాయుట ఆయన పద్ధతి. రేఖ ముఖ్యము, రంగు దానికి దాసి యని ఆయన మతము. శిష్యుని హృదయమునకు మాత్రము రంగే ప్రాణము. పరుగెత్తు గుఱ్ఱము, ఎగయు ధూళి, చెదరిన కేశములు ప్రియము. ఐనను గురువునందు గ్రోకు గల భక్తి అపారము. ఈ భక్తియు ఈ స్వభావమును ఒకే హృదయమున నిమిడియుండుటయే ఆయన జీవితమున కలిగిన మేలునకును కీడునకును మూలమని ముందు తెలియగలదు.

ఫ్రెంచి విప్లవము చెలరేగెను. తండ్రి ఆస్తి నశించి మరణించెను. 1793లో గ్రో దేశము విడిచి ఇటలీ చేరి, జెనోవా నగరమున తండ్రి నేర్పిన చిన్న ముఖచిత్రములు వ్రాసి పొట్టపోసికొనెను. అచటనే బోనపార్టి భార్య జోసెఫైన్‌తో పరిచయము కలిగినది. ఆమె ఆ యువకుని మిలాను నగరమునకు కొనిపోయి భర్తకు చూపెను. 1796 నవంబరులో ఆర్కోల్ వంతెన కడ జరిగిన యుద్ధములో బోనపార్టి పతాకము చేతబట్టి ముందునకు సాగెను. ఆ ఘట్టమును గ్రో వ్రాయ నిశ్చయించెను. బోనపార్టి కూర్చుండి ఓపికతో తన రూపు వ్రాయించుకొను స్వభావము గలవాడు కాడు. ఉపాహారమైన పిదప జోసెఫైన్ ఆయనను కదలనీయక పట్టియుంచగా, ఆ కొద్ది నిమిషములలో గ్రో ముఖము వ్రాసికొనెనని చెప్పుదురు. ఆ చిత్రమున వీరుడు వెనుకకు చూచి సైనికులను పిలుచుచున్నాడు, జుట్టు గాలికెగయుచున్నది. శిల కదలినట్లయినది. సేనాని సంతసించి గ్రోకు సైన్యమున ఒక యుద్యోగ మిచ్చెను. ఇటలీ నుండి ఫ్రాన్సునకు కొనిపోవలసిన చిత్రములను ఎంచు సంఘములో కూడ ఆయనను చేర్చెను. పరుల కళాధనము దోచుకొను పనిలో చిత్రకారుడు పాలుపంచుకొనవలసి వచ్చెనని మనము గుర్తింపకుండరాదు.

గ్రో ఈజిప్టునకు పోలేదు. నజరేతును కన్నులార చూడలేదు. జెనోవా ముట్టడిలో ఆకలిబాధలు పడి, బ్రతికి బయటపడి ఫ్రాన్సు చేరెను. 1801లో బోనపార్టి ప్రభుత్వము నజరేతు యుద్ధమును చిత్రించుటకు ఒక పోటీ ప్రకటించెను. చిత్రకారులు మొదట చిత్తుబొమ్మలు వ్రాసి చూపవలెను. గెలిచినవానికి పెద్దచిత్రము వ్రాయు పని దక్కును. జూనో సుమారు అయిదువందలమందితో ఆరువేలమంది శత్రువుల నెదిరించి నిలిచెనని ఆనాటి ప్రశస్తి. గ్రో యుద్ధభూమి పటమును, చూచినవారి మాటలను ఆధారము చేసికొని పని ప్రారంభించెను.

ఆ చిత్తుబొమ్మ సుమారు నాలుగున్నర అడుగుల ఎత్తు, ఆరున్నర అడుగుల వెడల్పు గలది. దానిలో క్రొత్తదనమేమి? అంతకుముందు యుద్ధచిత్రమనగా నడుమ సేనాధిపతి గుఱ్ఱముపై నుండును. తక్కినవారు ఆయన చుట్టును బారులు తీరియుందురు. గ్రో ఆ కట్టు సడలించెను. మైదానమంతయు కలహమే. ఇచట ఇరువురు ఆశ్వికులు తారసిల్లుదురు. అచట ఒకడు పడిపోవును. దూరమున పొగ, ధూళి, ఎండ కలిసి ఒక్కటై కనుచూపు మేర వ్యాపించును. తూర్పుదేశపు దుస్తుల రంగులు, గుఱ్ఱముల నిగనిగలు, కత్తుల మెఱుపులు చిన్న చిన్న కుంచెదెబ్బలతో పెట్టబడినవి. జూనో యున్నాడు, కాని యుద్ధమంతయు జూనో కాదు. పల్నాటి కథ విను మనవారికి ఈ పద్ధతి సులభముగా బోధపడును. ఆ కథలో ఒక్క రాజు గాక ఇరుపక్షముల వీరులెందరో ఒకరి వెనుక నొకరు మన కన్నుల ముందునకు వచ్చి పోవుదురు గదా!

పోటీలో గ్రోయే గెలిచెను. మహాచిత్రమునకై గొప్ప గుడ్డ సిద్ధమయ్యెను. ఆయన పని ప్రారంభించెను. ఇంతలో పై నుండి ఉత్తరువు వచ్చినది: నజరేతు చిత్రము అవసరము లేదు! ఒక సేనానికి అంతటి కీర్తి దక్కుట బోనపార్టికి గిట్టలేదని చరిత్రకారులు చెప్పుదురు. ఆనాడు ఆయన దేశమునకు ప్రథమ ఏలిక. చక్రవర్తి పదవికి మెట్లెక్కుచుండెను. వెలుగు తనపై గాక మరియొకనిపై పడుట కోరలేదు. గుడ్డ వృథా కాలేదు. దానిపైననే జాఫా చిత్రము వ్రాయబడెనని చెప్పుదురు. నజరేతు సాపు మాత్రము ఎన్నటికిని లేకపోయెను.

జాఫా పట్టణమున ఫ్రెంచి సైనికులకు మహామారి తగిలెను. 1799 మార్చిలో బోనపార్టి ఆ రోగులను చూడబోయెను. ఆ ఘట్టమును వ్రాయుమని గ్రోకు ఆజ్ఞ యయ్యెను. ఆజ్ఞకు వెనుక ఒక యక్కర కలదు. జాఫాలో లొంగిపోయిన బందీలను వేలకొలది చంపించెననియు, కదలలేని రోగులకు విషమిప్పించెననియు బోనపార్టిపై నిందలుండెను. బందీల వధ చరిత్రలో స్థిరపడిన విషయమే. ఆ మచ్చను కప్పుటకు కరుణామూర్తియైన సేనాని బొమ్మ కావలసివచ్చెను. గ్రో సుమారు 17 అడుగుల ఎత్తు, 23 అడుగుల వెడల్పు గల చిత్రమున బోనపార్టి రోగి వ్రణమును నిర్భయముగా తన చేతితో తాకుచున్నట్లు వ్రాసెను. 1804 ప్రదర్శనలో ఆ చిత్రమును చూచి తోటి చిత్రకారులే దాని చట్రమునకు మాలలు కట్టిరి.

ఇచట ఒక చిత్రము జరిగినది. ఏలిక కోరినది తన కీర్తి. కాని ఆ బొమ్మ ముందు నిలిచిన వాని కన్ను మొదట పడునది నేలపై పడియున్న రోగులమీద. చీకటిలో ముడుచుకొన్న ఆ దేహములు, చూపుపోయి తడవుకొనుచు వచ్చు ఆ సైనికుడు, తానే రోగియై ఒరిగిపోవు వైద్యుడు – వీరు రాజాజ్ఞకు లోబడినవారు కారు. కుంచె ఏలికకు ఊడిగము చేసినను, కన్ను సత్యమును విడువలేదు.

1806లో అబూకిర్ యుద్ధచిత్రము వెలువడెను. 1807 ఫిబ్రవరిలో ఐలౌ అను చోట మంచు కురియుచుండగా ఫ్రెంచివారికిని రష్యావారికిని ఘోరసంగ్రామము జరిగినది. ఇరువంకల వేలకొలది జనులు కూలిరి. గెలుపెవరిదో చెప్పుట కష్టమయ్యెను. మరునాడు చక్రవర్తి యుద్ధభూమిని చూచి క్షతగాత్రుల నోదార్చుట అను విషయముపై మరల పోటీ పెట్టిరి. గ్రో మరల గెలిచెను. 1808లో ప్రదర్శింపబడిన ఆ చిత్రమున నెపోలియన్ గుఱ్ఱముపై పాలిపోయిన ముఖముతో చేయి చాచియున్నాడు. ఆయనకు ముందు, చూపరుల పాదముల చెంతనే యనదగినట్లు, మంచు గట్టిన శవములు మనుష్యప్రమాణమును మించి పడియున్నవి. బొబ్బిలి కథ పాడువారు గెలిచినవారి నటుంచి కూలినవారినే తలచుకొని కంటతడి పెట్టుదురు. గ్రో కుంచెయు ఐలౌలో ఆ పనియే చేసినది. చక్రవర్తి కోపింపలేదు, తన యెదపైని గౌరవపతకమును తీసి గ్రో కిచ్చెనని చెప్పుదురు.

నజరేతు చిత్తుబొమ్మ ఈ కాలమంతయు ఊరక యుండలేదు. పడుచు చిత్రకారులు దానిని వెదకికొని వచ్చి చూచుచుండిరి. జెరికో అను యువకుడు దానికి నకలు వ్రాసికొనుటకు అనుమతి కొరకు వేయి ఫ్రాంకులు చెల్లించెనని ప్రతీతి. ఒక చిత్తునకు నకలు! ఆ జెరికోయే పిమ్మట ఓడ పగిలి తెప్పపై కొట్టుకొనిపోవు అభాగ్యుల మహాచిత్రమును వ్రాసి పేరుపొందినవాడు. ఆయన మిత్రుడు దెలాక్రువా గ్రోను గురువుగా భావించెను. రేఖకు రంగును దాసి గానీయక, ఆవేశమునకు ప్రాధాన్యమిచ్చిన ఈ నవ్యమార్గమునే రొమాంటిక్ మార్గమందురు. దానికి బాటవేసినది నజరేతు చిత్తు.

1815లో నెపోలియన్ పతనమయ్యెను. పాత రాజవంశము తిరిగి వచ్చెను. రాజు మరణశిక్షకు సమ్మతించినవారిలో నొకడగు దావీద్ 1816లో దేశబహిష్కృతుడై బ్రస్సెల్సు చేరెను. పోవునపుడు తన చిత్రశాలను, శిష్యులను గ్రోకు అప్పగించెను. గురువు దూరమునుండి లేఖలు వ్రాయుచు, నేటికాలపు యుద్ధములు, అంగరకాలు, టోపీలు శాశ్వతములు కావనియు, ప్రాచీనుల చరిత్ర చదివి వారి కథలు వ్రాయుమనియు శిష్యుని హెచ్చరించుచుండెను. గ్రో ఆ మాట జవదాటలేదు. తన చేతికి పట్టుబడిన విద్యను తానే తప్పిదముగా తలచి, యువకులు తనను చూచి చెడిపోవుచున్నారని పశ్చాత్తాపపడెను. గురుభక్తి ఉత్తమగుణమే, కాని తన స్వభావమును చంపుకొనునంతటి భక్తి గురువునకు గాని శిష్యునకు గాని మేలు చేయదు.

పారిస్‌లోని పాంథియన్ గోపురపు లోపలి చిత్రము ఆయన యవస్థకు సాక్ష్యము. 1811లో ఆ పని అప్పగింపబడినపుడు ఫ్రాన్సు నేలిన పూర్వరాజుల సరసన నెపోలియన్ రూపముండవలెనని యేర్పాటు. ప్రభుత్వము మారగా ఆ స్థానమున పదునెనిమిదవ లూయీ రావలసెను. నెపోలియన్ నూరుదినములు తిరిగి వచ్చినపుడు మరల నెపోలియన్; ఆయన పోగా మరల లూయీ! 1824లో పని పూర్తికాగా పదవ చార్లెసు రాజు సంతసించి గ్రోకు బారన్ బిరుద మిచ్చెను.

బిరుదములు పెరిగెను గాని చేతిలోని వేడి తగ్గెను. ఆయన మంచితనము మాత్రము తగ్గలేదు. 1822లో ఇరువదినాలుగేండ్ల దెలాక్రువా తన తొలి చిత్రమును ప్రదర్శనకు పంపినపుడు పేదరికముచే అల్పమైన చట్రము బిగించియుండెను. అది విరిగిపోగా గ్రో దానికి మంచి చట్రము వేయించి తగినచోట నుంచెను. పిమ్మట ఆ యువకుని తన చిత్రశాలకు పిలిచి నెపోలియన్ కాలపు తన చిత్రములను చూపెను. రెండేండ్లకు దెలాక్రువా కియోస్ ద్వీపపు హత్యాకాండను వ్రాయగా, గ్రో దానిని చిత్రకళకే హత్య యని నిందించెనందురు. తాను నాటిన విత్తు మొలకెత్తి వృక్షమగుచుండగా తానే దానిని గుర్తింపలేకపోయెను!

దావీద్ 1825లో పరదేశముననే మరణించెను. గ్రో గురువు చూపిన బాటలోనే పురాణకథలు వ్రాయుచు వచ్చెను. 1835 ప్రదర్శనలో ఆయన ఉంచిన హెర్క్యులీసు కథాచిత్రమును విమర్శకులు నిర్దాక్షిణ్యముగా పరిహసించిరి. ముసలివాడు వ్రాయుట మానుట మేలన్నట్లు మాటలాడిరి. శిష్యులును పలుచనైరి. ఒకనాడు చట్రమునకు మాలలు కట్టిన నగరమే నేడు నవ్వెను. అరువదినాలుగేండ్ల ఆ వృద్ధుడు ఆ బాధ నోర్వలేక 1835 జూన్ 25వ తేదీన పారిస్ సమీపమున సేన్ నదిలో పడి ప్రాణములు విడిచెను.

ఈ మరణము తలచిన ఎవని మనసు కలగదు? విమర్శ యవసరమే, కాని నిన్నటి మేలు మరచి నేటి లోపమునే పట్టి నవ్వుట విమర్శ కానేరదు. ఆ దినములలో ఒక స్నేహితుడు ఆయన చేయిపట్టి నాంత్ బొమ్మను, ఐలౌ బొమ్మను చూపి, ఇవి నీవు వ్రాసినవే గదా యని గుర్తుచేసియున్న, కథ వేరుగా నుండెడిదేమో! మన యిండ్లలోను, వీధులలోను కృంగియున్న పెద్దవారికి అట్టి మాట సాయము చేయుట మన విధి. ఆయన పోయిన పదుమూడేండ్లకు, 1848లో, దెలాక్రువాయే గ్రోను గూర్చి భక్తితో ఒక వ్యాసము ప్రకటించి, ఆయన యుద్ధచిత్రముల గొప్పతనమును లోకమునకు తెలిపెను. ఒకప్పటి నింద శిష్యతుల్యుని హృదయమున నిలువలేదు, ఉపకారమే నిలిచినది.

నేడు జాఫా, ఐలౌ చిత్రములు పారిస్‌లోని లూవ్ర్ చిత్రశాలలో నున్నవి. ఏలికలు కోరి వ్రాయించిన బొమ్మలవి. ఏలిక వలదన్న నజరేతు మాత్రము చిత్తుగానే నాంత్‌లో నున్నది. జూనోకు కీర్తి రాకూడదని సాపు నాపించిన ప్రభువు ఆ చిత్తును నిలువరింపజాలకపోయెను. ఒక్కని కీర్తికి గాక రణరంగమంతటికిని చోటిచ్చిన ఆ చిన్నగుడ్డనుండియే తరువాతి తరము పాఠము నేర్చుకొనెను.

గ్రంథాలయ రజతోత్సవ వేళ ఈ కథను చదువు గ్రామసోదరులకును సోదరీమణులకును ఒక్క మనవి. గ్రంథాలయమున అందమైన అట్టలతో సాపుప్రతులు వరుసగా నిలిచియుండును. ప్రతి గ్రంథము వెనుకను ఒక చిత్తు కలదు. ఆ చిత్తులో ఒక మనుష్యుని తడబాటు, సాహసము, కొట్టివేత కలవు. మన పిల్లలు పలకమీదను, నోటుపుస్తకపు చివరి పుటలోను గీచు గుఱ్ఱములను, ఏనుగులను చూచినపుడు వెంటనే తుడిపివేయ తొందరపడకుడు. ఒక్క నిమిషమాగి చూడుడు. సాపు వ్రాయు భాగ్యము అందరికిని కలుగకపోవచ్చును. చిత్తులోనే వెలుగు నిలిపినవాడును ధన్యుడే.